బెండకాయ దాటని ప్రోగ్రాం

2004లో మా తాత లేకపోయి ఉంటే శామీర్‌పేట బర్రెలు పాలివ్వడమే మానేసేవి. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

మా తాత లింగస్వామి సర్కారు ఆఫీసులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి రిటైరయ్యాడు. కొంపల్లిలో మా ముందుగదే ఆయన కొత్త ఆఫీసు. చొక్కా గుండీలు ఏనాడూ సరిగ్గా పెట్టుకోడు గానీ, ప్రోగ్రాంలో ఒక్క చుక్క తప్పితే అన్నం ముట్టడు.

పాలకేంద్రాలకు ఆయనే ప్రోగ్రాం రాశాడు. ఎవరు ఎన్ని పాలు పోశారో అది ఫోను తీగ మీద డెయిరీకి పంపుతుంది. దారిలో ఎవరూ మార్చకుండా ఆ వివరాలకు తాళం వేసి పంపమన్నారు డెయిరీవాళ్లు. అంకెలను ఎవరూ చదవలేకుండా చేసే ఆ తాళం కోసం, ఎవరో రాసిపెట్టిన లైబ్రరీని, అంటే రెడీమేడ్ ప్రోగ్రాం ముక్కను తెచ్చి తాత తన ప్రోగ్రాంలో కలిపాడు. మా ఇంట్లో కొత్త కంప్యూటర్ మీద మస్తుగా నడిచింది. శామీర్‌పేటలో మాత్రం తాళం వేసే వేళకు టప్పున మూసుకుపోయేది.

కేంద్రం చూసుకునే జంగయ్య, వాస్తు దోషమని కంప్యూటర్‌ను తూర్పుకు తిప్పి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు కీబోర్డు మీద పడలేదు, అదే అదృష్టం. తర్వాత ఫోన్ చేశాడు.

"సార్, రైతులు లొల్లి జేస్తున్నరు. మాపటి పాలకల్లా నడవకపోతే మీ ప్రోగ్రాం తీసేస్తం. పక్క కేంద్రాలోళ్లు గూడ గదే అంటున్నరు."

తాత ముఖం మాడిపోయింది. రిటైరయ్యాక ఆయన చేసిన మొదటి పని అది.

"మనింట్ల నడుస్తాంది గదా!"

"అయితే బర్రెలను గీడికే తోలుకొద్దాం తాతా" అన్నాను.

తాత నవ్వలేదు. ప్రోగ్రాం ఒక్కో అడుగు దాటగానే ఒక్కో కూరగాయ పేరు తెర మీద పడేలా రాసి, ఫ్లాపీని పాల వ్యాన్‌లో పంపాడు. పెద్ద ఇంగ్లిషు మాటలైతే జంగయ్య ఫోన్లో చదవలేడని.

"సార్, వంకాయ వచ్చింది. బెండకాయ వచ్చింది. గంతే, సచ్చింది."

"దోసకాయ?"

"దోసకాయ లేదు సార్. మా ఇంట్ల గూడ లేదు."

బెండకాయకూ దోసకాయకూ నడుమ ఉన్నది తాళం లైబ్రరీ ఒక్కటే.

"కంప్యూటర్ డబ్బా మీది స్టిక్కర్ సదువు" అన్నాడు తాత. జంగయ్య చదవగానే తాత నెత్తి కొట్టుకున్నాడు. అక్కడిది పాత ప్రాసెసర్. జల్దీ నడవాలని, ఎవరో రాసిన ఆ లైబ్రరీని కొత్త ప్రాసెసర్లకు మాత్రమే తెలిసిన ఆదేశాల్లోకి మార్చి పెట్టింది తాతే. వాటి దగ్గరికి రాగానే పాతదానికి ఏమీ అర్థంగాక ఆగిపోతోంది.

రెండింటికీ పనికొచ్చేలా మళ్లీ తయారు చేసి, నన్ను వెనకేసుకుని లూనా మీద శామీర్‌పేట పోయాడు. దోసకాయ పడింది. లెక్క డెయిరీకి చేరింది.

"తప్పు కరెంటు మీద తోసేద్దాం సార్" అని జంగయ్య తాత చెవిలో ఊదాడు. తాత వినలేదు. క్యాన్లతో నిలబడ్డ రైతుల ముందు, గుండీలు తప్పిన ఆ చొక్కాతోనే చెప్పాడు:

"తప్పు మిషన్‌ది గాదు, జంగయ్యది గాదు. నాది. పాత మిషన్ మీద సూడకుండ పంపిన."

అప్పటిదాకా ఆ రైతుల్లో అందరికన్నా గట్టిగా అరిచిన సుక్కమ్మే ముందుగా క్యాన్ ఎత్తింది. "ఒప్పుకున్నడు గదా, ఇగ పోయుండ్రి పాలు" అంది. తాత ప్రోగ్రాంను ఎవరూ తీసెయ్యలేదు.

అంత నిక్కచ్చి మనిషిని మళ్లీ చూడలేదు. ఇంటర్ తప్పిన నా చేత ఇంత రాయించాడంటే మాటలా! మొన్న ఇదంతా చదివి వినిపిస్తే తాత అన్నాడు:

"బర్రెలు గడ్డి తిని పాలిచ్చినయ్, నన్ను జూసి గాదు. ఆ మొదటి మాట కొట్టెయ్."