క్యూలో ఐదు రోజులు

2022 వానాకాలం నాటికి బస్తర్ కొండల్లోని కిరండూల్‌లో నెట్‌వర్క్ పనులు మొదలుపెట్టి నాకు పదకొండేళ్లు. మా నాన్న ఇక్కడి ఇనుప గనిలో ఉద్యోగానికి విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఈ కొండల్లో నెట్ లైన్ ఎప్పుడు పోతుందో, ఎన్నాళ్లకు వస్తుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అప్పట్లో కాస్త పొగరుండేది.

ఆ ఏడాది మోహనరావుగారు కబురు చేశారు. గని ఎలక్ట్రికల్ విభాగంలో రిటైరైన మనిషి. తన పేరుతో డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో సొంత చిరునామా, కొనుక్కుని, ఉత్తరాలు అందుకుని దాచే మెయిల్ సర్వర్‌ను కూడా ఇంట్లో బీరువా పక్కనే పెట్టుకున్నారు. ఉచితంగా దొరికేదానికి ఇంత తిప్పలెందుకని నేను ఆటపట్టిస్తే, నా ఉత్తరాలు నా ఇంట్లోనే ఉండాలయ్యా అనేవారు. మెయిల్ అంటే తెలియని ఊళ్లవాళ్లకు అందులోనే తలా ఒక చిరునామా ఇచ్చి, ఆస్పత్రుల నుంచి ఏమొచ్చినా చదివి, బస్సువాళ్లతో కబురంపేవారు. బాసగూడ దగ్గరి రైతు గంగయ్య వాళ్లలో ఒకడు. అతని భార్య కన్నమ్మకు గుండెలో వాల్వు చెడింది. విశాఖలో ఆపరేషన్‌కు పేరు రాయించారు. తేదీ మెయిల్‌లో వస్తుందన్నారు.

అందుకే మోహనరావుగారికి బ్యాకప్ మెయిల్ సర్వర్ కావలసి వచ్చింది. ఇంట్లో లైన్ లేనప్పుడు వచ్చిన ఉత్తరాలను వేరే ఊళ్లోని సర్వర్ తీసుకుని, క్యూలో దాచి, లైన్ రాగానే ఇంటికి పంపుతుంది. విశాఖలో ఒకటి అద్దెకు తీసుకుని అమర్చాను. ఇంటి లైన్ పీకి, ఉత్తరం పంపి, మళ్లీ తగిలించి చూపించాను. పది నిమిషాల్లో వచ్చేసింది. ఆ రోజు గంగయ్య అక్కడే ఉన్నాడు.

"ఎన్నాళ్లు దాస్తది సారు?" అని అడిగాడు.

"లైన్ వచ్చేదాకా" అన్నాను తడుముకోకుండా.

అబద్ధమని తెలిసి అనలేదు. తెలుసుకోకుండా అన్నాను. క్యూలో ఉత్తరం ఐదు రోజులే ఉంటుంది. ఆ తరువాత బౌన్స్ అవుతుంది, అంటే పంపినవాళ్లకే తిరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే గడువు అది. నగరంలో ఐదు రోజులు లైన్ లేకపోవడం ఎవరు చూసి ఉంటారు? నేను చూశాను, ఏటా చూశాను. అయినా ఆ అంకె జోలికి పోలేదు.

ఆగస్టులో రోడ్డు పనిలో కేబుల్ తెగింది. పైన వాన. తొమ్మిది రోజులు నెట్ లేదు. ఫోన్లో మాటలు మాత్రం అందుతున్నాయి. ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కుందామా అని మోహనరావుగారు రెండుసార్లు అడిగారు. అక్కర్లేదండీ, అన్నీ విశాఖలో భద్రంగా ఉన్నాయని నేనే ఆపాను.

లైన్ వచ్చాక ఇద్దరం కూర్చుని సర్వర్ చిట్టా చూశాం. ఆస్పత్రి ఉత్తరం రెండో రోజే విశాఖ సర్వర్‌కు చేరింది. ఏడో రోజు తిరిగిపోయింది. కన్నమ్మ ఆస్పత్రిలో చేరవలసింది ఆరో రోజున. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, ఉత్తరం వెంటనే అందినట్టు తమకు కనిపించింది కాబట్టి ఇంక ఫోన్ చేయలేదని అక్కడి గుమస్తా చెప్పాడు. ఆమె చోటు వేరొకరికి ఇచ్చేశారట. నా సర్వర్ లేకపోయి ఉంటే ఉత్తరం చేరడం లేదని వాళ్లకు ఆ రోజే తెలిసేది. మోహనరావుగారి నంబర్ వాళ్ల దగ్గరుంది, ఫోన్ చేసేవాళ్లు.

గంగయ్య వచ్చినప్పుడు పెద్దాయన తల దించుకుని కూర్చున్నారు. నేనే చెప్పాను, తప్పు నాదని కూడా చెప్పాను.

"లైన్ వచ్చేదాకా ఉంటదంటివి గద సారు" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

మళ్లీ జాబితాలో ఎక్కించారు. ఆరో వారంలో కన్నమ్మ పోయింది. ఆమె పోయిన పన్నెండో రోజున కొత్త తేదీ ఉత్తరం ఏ అడ్డూ లేకుండా నిమిషంలో వచ్చింది. మొదటి తేదీకి వెళ్లినా బతికేదని చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ మాట నాకు ఏ ఓదార్పూ ఇవ్వలేదు.

ఇప్పుడు క్యూ గడువు ముప్పై రోజులు. మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. ఇంకొకరి తరఫున ఉత్తరం అందుకున్న సర్వర్ అది చేరిందో లేదోనన్న పంపినవాళ్ల ఆరాటాన్ని ఆపేస్తుందని ఈ వృత్తిలో ఇంత ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ ఆరాటమొక్కటే కన్నమ్మకు దిక్కు. దాన్ని ఆపింది నేను.