జపాన్ బాకుకు మా అమ్మ పెట్టిన అన్నం

ఈ రోజు పొద్దున అశోక్ నగర్‌లో మా పై వాటాలో ఉండే శ్రీకాంత్ గిన్నె పట్టుకొచ్చి గుప్పెడు అన్నం అడిగాడు. రోజూ మెస్‌లో తింటాడు, ఈ రోజు మెస్‌కి సెలవు. పాపం ఆకలేమోనని అమ్మ పప్పూ నెయ్యీ కలిపి ఇచ్చింది.

"ఉత్త అన్నం కావాలె ఆంటీ. మెదిపి బాకు ఒర చెక్కలు రెండూ అంటిస్త."

"మనిషికి ఉత్త అన్నం ఎలా పెట్టమంటావయ్యా?"

శ్రీకాంత్ మెట్ల మీద కూర్చుని ఆ పప్పన్నం తినేసి, గిన్నె కడిగి మళ్ళీ చాపాడు.

ఆఫీసు లేనప్పుడు డాబా మీద జపాన్ పద్ధతిలో బాకులు చేస్తాడు. ఇనుము పాత లారీ కమాన్ పట్టీది, ఒర చిక్కడపల్లిలో కూలగొట్టిన ఇంటి తలుపుది. జిగురు సీసా ఇస్తానంటే వద్దన్నాడు. అన్నంతో అంటిస్తేనే, లోపల తుప్పు పడితే ఒర పగలకుండా రెండుగా విప్పి తుడుచుకోవచ్చట.

మేం నమ్మలేదని, ఇదివరకు చేసిన బాకు తెచ్చి చూపించాడు. తలకిందులు చేసినా ఒరలోంచి జారలేదు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, అతుకు కోసం వేలితో ఒరంతా తడిమింది. దొరకలేదు.

"ఇది ఎవరింటి అన్నం?" అని అడిగింది.

అది మెప్పో ఉక్రోషమో మీరే చెప్పాలి.