తరవాణి కుండకి శాలువా

పన్నెండేళ్లు కొండల్లో ఉండి భిలాయి వస్తున్నామంటే మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అత్త. ఆవిడది విజయనగరం దగ్గర పల్లె. మా ఆయనకి ఉత్తరాఖండ్‌లో కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మాతోనే ఉంది. రెండు స్వెట్టర్లూ, పైన శాలువా, నెత్తిన మంకీ క్యాపూ. "ఇదేటి దేశంరా బాబూ, నీళ్లు ముట్టుకుంటే కరుస్తన్నాయి" అని ఆ కొండల్ని తిట్టని రోజు లేదు. ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిందని కొడుకు చెప్పగానే ఆవిడ అడిగింది ఒక్కటే: "అక్కడ ఎండ కాస్తాదా?"

"కాయడం ఏటమ్మా, మాడ్చేస్తాది" అన్నాడు.

"అయితే తరవాణి ఏసుకోవచ్చు" అంది.

నాకు తరవాణి తెలీదు. నాది విశాఖపట్నం. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో తోసేసి పొద్దున్నే పులిహోర కలిపేసే అమ్మకి పుట్టినదాన్ని. కొత్త కుండలో గంజీ నీళ్లూ పోసి, గుప్పెడు అన్నం వేసి, నాలుగు నిమ్మాకులు పడేసి మూడ్రోజులు పులియనిస్తారనీ, ఆ పుల్లటి నీళ్లలో అన్నం నానేసి పొద్దున్నే ఉల్లిపాయతో తింటారనీ అత్త చెప్పగా వినడమే. కొండల్లో అది అయ్యే పని కాదు. అక్కడ ఇడ్లీ పిండి పొంగాలంటేనే గిన్నెకి ఆవిడ పాత శాలువా చుట్టి, హీటరు పక్కన పడుకోబెట్టి, బాలింతని చూసినట్టు చూసుకోవాలి.

ఏప్రిల్ నడిమధ్యలో భిలాయిలోని రిసాలిలో క్వార్టర్‌లో దిగాం. నాకు ప్రతిదీ వింతే. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. స్కూటీల మీద ఆడపిల్లలు కళ్లు తప్ప మొహమంతా చున్నీ చుట్టేసుకుని పోతుంటే, ఎవరు ఎవరో వీళ్ల అమ్మలకైనా తెలుస్తుందా అని గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని కూరగాయల బండి భయ్యా చెప్తే, మర్నాడే మా ఆయన ప్యాంటు జేబులో ఒకటి వేశాను. సాయంత్రం మీటింగులో అది దొర్లి కింద పడిందని ఇంటికొచ్చి నా మీద లేచాడు. పోనీ, వడదెబ్బ తగిలిందా? తగల్లేదు కదా.

ఇంకో వింత ఉంది, అది వింతని అప్పుడు తోచలేదు. అక్కడ కొండల్లో ఇల్లంతటికీ ఒకటే హీటరు. తిండీ, చదువూ, దెబ్బలాటలూ అన్నీ దాని చుట్టూనే. ఒకరి మోకాలు ఒకరికి తగలకుండా అన్నం తిన్న రోజు లేదు. ఇక్కడ నాలుగు గదులు. షిఫ్టు చేసొచ్చి పడుకునే మా ఆయనకి ఏసీ గది. పదేళ్ల మా అమ్మాయికి కూలర్ గది, అందులో కూచుని అది హిందీలోనే చదివి హిందీలోనే అలుగుతుంది. అత్తకి వెనక వరండా పక్క గది, ఇంకో కూలరు. నేను ముందుగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక ట్యూషన్ కంపెనీకి లెక్కల పాఠాలు రాస్తాను. ఎవరి కంచం వాళ్ల చల్లటి గదిలోకి పోయేది. హమ్మయ్య, ఇన్నాళ్లకి ఊపిరాడుతోంది అనుకున్నాను. అబద్ధం ఎందుకు, చాలా హాయిగా ఉండేది.

అత్త తినడం మానేసింది.

ఒక్కసారిగా కాదు. ముందు రాత్రి అన్నం వద్దంది, తర్వాత టిఫిన్ వద్దంది. కంచం అలాగే తిరిగొచ్చేది. ఏమైందంటే "నోటికి సయించట్లేదే" అనేది. మే నెల మధ్యలో డాక్టరు దగ్గర తూకం వేయిస్తే ఆరు కేజీలు తగ్గింది. పరీక్షల్లో ఏ రోగమూ లేదు. పదిహేను రోజుల్లో తిండి మొదలెట్టకపోతే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ పెట్టాల్సిందే అన్నాడాయన. డెబ్భై నాలుగేళ్ల మనిషి, మంచమెక్కితే మళ్లీ దిగుతుందా? ఇంటికి రాగానే అత్తని అడిగాను, ఏం చేసిపెడితే తింటారో చెప్పండి, ఆకాశంలో ఉన్నా తెస్తాను అని.

"తరవాణి అయితే తింటాను" అంది.

కుండ కొన్నాను. అంతవరకూ అన్నం కుక్కర్‌లోనే వండేదాన్ని, గంజి కోసం గిన్నెలో ఎసరు పెట్టి వార్చడం నేర్చుకున్నాను, చెయ్యి కాల్చుకున్నాను. అత్త కుర్చీలో కూచుని అంతా దగ్గరుండి చేయించింది. కుండ నింపాక "ఇంక దీన్ని ఎచ్చగా ఉంచాల" అని పెట్టెలోంచి తన పాత శాలువా తీసిచ్చింది. నేను బుద్ధిగా కుండకి చుట్టబెట్టి పొయ్యి పక్కన పెట్టాను. బయట ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. ఆ శాలువా ఎందుకని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పన్నెండేళ్ల అలవాటు, చేతులే చేసుకుపోయాయి.

మూడో రోజు మూత తీస్తే వంటింట్లో నిలబడలేకపోయాం. జిగురుగా తీగలు సాగుతోంది. గంజి పల్చనైంది అంది అత్త. రెండోసారి గంజి చిక్కగా వార్చి, ఇంకా బాగా పులవాలని, శాలువాతో సహా వరండా గట్టు మీద ఎండలో పెట్టాను. రెండ్రోజులకే కంపు పక్కింటి దాకా పోయింది.

"నీ చెయ్యి మంచిది కాదు పిల్లా" అంది.

"అయితే మీ బంగారం చెయ్యే పెట్టండి, నేను కూచుని చెప్తాను" అన్నాను. నా నోరు అలాంటిది, ఏం చేయను. ఆ పూట ఆవిడ మజ్జిగ కూడా ముట్టలేదు. అవతల పదిహేను రోజుల్లో వారం గడిచిపోయింది. నాకు లోపల భయంగా ఉంది, ఆ భయం పైకి కోపంగా వస్తోంది, అంతే.

మా ఇంట్లో పనిచేసే ఆవిడది ఇక్కడికి దగ్గర్లోనే, ఉతై పక్క ఊరు. నా ఈడుదే. నేను ఆవిడని దీదీ అంటాను, ఆవిడా నన్ను దీదీ అంటుంది. అత్తని మాత్రం దాయీ అంటుంది, వాళ్ల ఛత్తీస్‌గఢీలో అమ్మ అని. వరండా తుడవడానికొచ్చి, గట్టు మీద శాలువా కప్పుకుని కూచున్న కుండని చూసి చీపురు కింద పెట్టేసింది. "ఠండ్ లగ్ రహీ హై క్యా ఇస్‌కో?" అంది. దీనికేమైనా చలేస్తోందా అని. నేను అత్త మొహం చూశాను, అత్త నా మొహం చూసింది. అప్పుడు తెలిసింది ఇద్దరికీ. అత్త అంతలా నవ్వి ఎన్నాళ్లయిందో, కళ్లలో నీళ్లొచ్చాయి. నాకూ నవ్వొచ్చింది, కానీ రెండు కుండల గంజీ ఆ కాలిన చెయ్యీ గుర్తొచ్చి సగంలో ఆగిపోయింది.

మూడో కుండని దీదీ చెప్పినట్టు పెట్టాను. వరండాలో ఎండ పడని మూల, తడి ఇసక మీద, మూతికి పల్చటి తడిగుడ్డ. తాగే నీళ్ల కుండని వాళ్లింట్లో అలాగే పెడతారట. అంతకంటే శాస్త్రం లేదు. రెండో రోజుకే మంచి పులుపు వాసన, నిమ్మాకుల వాసన. నాకు పట్టలేనంత కుతూహలం, వేలు ముంచి నాకి చూశాను. బాగుంది! ఆ సాయంత్రం అన్నం వండి చల్లార్చి అందులో నానేశాను. తెల్లారాక గిన్నెలో పెట్టి, ఉప్పు వేసి, ఉల్లిపాయ కోసి, మాగాయ ముక్క పక్కన పెట్టి, అత్త మంచం పక్క స్టూలు మీద ఉంచి, "తినండి, మీ తరవాణి" అని చెప్పి పరిగెత్తాను. మా ఆయన డబ్బా కట్టాలి, అమ్మాయికి జడ వెయ్యాలి, తొమ్మిదిన్నరకి నా పాఠం పంపాలి.

తిరిగొచ్చి చూస్తే రెండు ముద్దలే తగ్గాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఒక్క ముద్ద.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ నన్ను ఆడిస్తోందని మా ఆయనతో అన్నాను. "డాక్టరు చెప్పిన గడువు నాలుగు రోజులే ఉంది, నువ్వు అరిస్తే తింటుందా?" అన్నాడు. అరవక ఏం చెయ్యాలో చెప్పమన్నాను. అతనికీ తెలీదు. ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన బట్టలు ఒక సంచిలో విడిగా పెట్టాను.

మర్నాడు పాఠం పంపించేసి, ఖాళీ గిన్నె ఎలాగూ ఉండదనుకుంటూ వెనక గదిలోకి వెళ్లాను. మంచం మీద అత్త లేదు. వరండాలోంచి మాటలు వినిపిస్తున్నాయి. తలుపు దగ్గరే ఆగాను.

పని ముగించుకుని దీదీ నేల మీద కూచుని తన స్టీలు డబ్బా తెరిచింది. అందులో రోజూ తెచ్చుకునే బాసీ, రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచినది. ఎదురుగా అత్త, నేల మీదే, కాళ్లు చాపుకుని, ఒళ్లో నా తరవాణి గిన్నె. ఇందులోంచి దీదీ డబ్బాలోకి ఒక పిడికెడు, ఆ డబ్బాలోంచి ఇందులోకి ఒక పిడికెడు. అత్త తెలుగులో వాళ్ల ఊరి పక్క పారే గెడ్డ గురించి చెప్తోంది. దీదీ ఛత్తీస్‌గఢీలో తన తోటికోడలి మీద చాడీలు చెప్తోంది. ఒకరి ముక్క ఒకరికి అర్థం కాదు. ఇద్దరూ ఊఁ కొట్టుకుంటున్నారు. అత్త గిన్నె అడుగు కనిపిస్తోంది.

సంతోషించాల్సింది పోయి నాకు రోషం వచ్చింది. ఎదరకెళ్లి నిలబడ్డాను.

"నేను పెడితే రెండు ముద్దలు. ఇక్కడ గిన్నెడూ దిగిందే? నా తరవాణికి ఏటొచ్చింది?"

అత్త తలెత్తి చూసింది. కోపం లేదు ఆ మొహంలో. నాకు తెలియని సంగతేదో చెప్తున్నట్టు, నెమ్మదిగా అంది:

"నీ తరవాణికేటి, బాగున్నాదమ్మా. నువ్వు గిన్నె పెట్టీసి ఎల్లిపోతావు. ఈ పిల్ల కూకుంటాది."

ఎంత సిగ్గేసిందంటే, దీదీ మొహం చూడలేక గోడ వైపు తిరిగాను.

తర్వాత "కొంచెం జరగండి" అని అత్త పక్కన కూచున్నాను. అప్పటికే రెండు దోసెలు తిని ఉన్నాను. దీదీ లేచి నాకో గిన్నె తెచ్చింది. అత్త ఆ డబ్బాలోంచి ఒక పిడికెడు నాకు వేసి, ఒక పిడికెడు తను వేసుకుని, ఉల్లిపాయ అందుకుంది.