ఒకే తూనీగకు మూడు పేర్లు

ఆయన రిటైరైన పెద్ద ఆఫీసరు. మెడలో మూరెడు కెమెరా, నెత్తిన ఆకుపచ్చ టోపీ, చొక్కా నిండా జేబులు. ఇందుకూరుపేట చుట్టుపక్కల తూనీగల మీద పుస్తకం వేస్తున్నానని చెప్పి, ఊరి బడిలో సైన్సు చెప్పే నన్ను దారి చూపడానికి వెంట తీసుకెళ్లారు. పెద్దమనిషి పక్కన నడుస్తున్నానని నాకూ సంబరమే.

రొయ్యల గుంటల పక్క కాలువ గట్టున సన్న తూనీగలు కనిపించాయి. మామూలు తూనీగ వాలినా రెక్కలు చాచుకునే ఉంటుంది. ఇవి సూదుల్లా ఉండి, వాలగానే రెక్కలు వీపు మీదికి మడుచుకుంటాయి. వాటిని చూసి ఆయన ముందు "ఇవి తూనీగ పిల్లలు" అన్నారు. రెక్కలొచ్చాక తూనీగ ఇక పెరగదని నేను మెల్లగా చెబితే, "అదే, అదే" అని దగ్గారు. ఆ తర్వాత, తోక కొసన నీలం ఉన్నది ఒక జాతి అన్నారు. నారింజ రంగుది ఇంకొకటట. మాసిన ఆకుపచ్చది మూడోదట. అక్కడికక్కడే మూడింటికీ పేర్లు పెట్టేశారు. వాటిని తానే కని పెంచినంత గర్వం ఆయన ముఖంలో.

గట్టున గేదెలకు గడ్డి కోస్తున్న ఒకావిడ కొడవలి ఆపింది.

"అయ్యన్నీ ఒకటే సార్. ఎర్రగా ఉండేది లేత ఆడది. నాలుగు రోజులు పోతే పచ్చగా అయిపోతాది. తోకకి నీలం ఉండేది మగది. రెండూ చక్రం మాదిరి కరుచుకోని ఉంటాయి గదా, చూళ్లేదా?"

"ఏం చదువుకున్నావమ్మా నువ్వు?" అన్నారాయన.

"రోజూ ఈడనే గదా సార్ గడ్డి కోసేది."

ఆయన నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే రోత పుట్టించింది. మర్నాడే వెళ్లి నారింజ రంగుదాన్ని పట్టి, దోమతెర కట్టిన డబ్బాలో తడి గడ్డి వేసి ఉంచాను. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలు దానికి మేత. రోజురోజుకీ నారింజ మాసింది, వీపున పచ్చదనం పాకింది. వారం తిరిగేసరికి ఆయనగారి రెండో జాతి మూడో జాతి అయి కూర్చుంది.

డబ్బా తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను.

"నువ్వు చెప్పిందే నిజం అక్కా. ఆ రోజు నవ్వడం నా తప్పు."

"దీనికోసం వారం రోజులు డబ్బాలో పెట్టినావా? గట్టున కూర్చోనుంటే తెలిసేది గదా! ఇడిచిపెట్టు సార్, పాపం."

మూత తీశాను. అది ఎగిరి గడ్డిలో కలిసిపోయింది.

ఆయనకు ఫోన్ చేస్తే, "పుస్తకం ప్రెస్సుకు వెళ్లిపోయింది మాస్టారూ. అయినా మూడు జాతులుంటేనే నిండుగా ఉంటుంది" అన్నారు. నెల్లూరులో ఆవిష్కరణ రోజున, జీవితంలో కాలువ గట్టు తొక్కని వక్త ఒకాయన ఆ పుస్తకాన్ని ఆకాశానికెత్తాడు. నేను లేచి, మూడూ ఒకటేనని చెప్పాను. "మాస్టారు మంచి చమత్కారి" అన్నారు ఆఫీసరుగారు. హాలంతా చప్పట్లు. ఎలా తెలిసిందని ఒక్కరూ అడగలేదు. అందరూ టిఫిన్ల వైపు కదిలారు.

మా బడికి ఇచ్చిన ప్రతిలో రెండు పేర్లు ఎర్రసిరాతో కొట్టేశాను. పక్కన ఆవిడ చెప్పిందంతా ఆవిడ మాటల్లోనే రాశాను.