టీవీ కోసం పూసుకున్న రాత్రి క్రీము

నా బుగ్గల మీది మంగు మచ్చలకు డాక్టరు గారు ఒక క్రీము రాశారు. రాత్రిపూటే, మచ్చ మీదే, పలుచగా రాయాలి. చెప్పినన్నాళ్లే వాడి ఆపెయ్యాలి. పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి వెళ్లకూడదు. ఇదంతా మా ఇంటి ఓనరాంటీకి విడమరిచి చెప్పాను. నా ట్యూబు ముట్టుకోవద్దనీ చెప్పాను.

ఈ రోజు సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలోని తెలంగాణ దీక్షా శిబిరం నుంచి ఆంటీ దిల్‌సుఖ్‌నగర్ తిరిగొచ్చేసరికి, ముఖం పండుమిరపకాయలా ఉంది. పొద్దున్నే నా క్రీము ముఖమంతా పట్టించుకుని వెళ్లిందట!

"రాత్రి రాసుకునేదని చెప్పాను కదా ఆంటీ!"

"రాత్రి వెట్టుకుంటే నిద్రల ఎవ్వడు జూస్తడు బిడ్డా? శిబిరం కాడికి టీవోళ్లొస్తరని పొద్దుగాలనే వెట్టుకున్న."

ముఖం కడిగించి డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఒకరి మందు ఇంకొకరికి ఎలా ఇచ్చావని నన్నే తిట్టారు. ఇక ఆ క్రీము రాయొద్దని, రేపే ఆమెను తీసుకురమ్మని చెప్పారు. ఈలోపు ఆంటీ తీర్పు: "మీ ఆంధ్రోళ్ల మందు గిట్లనే మండుతది." రాష్ట్రం వేరుగా కావాలి, ట్యూబు మాత్రం ఉమ్మడిగా ఉండాలి!

ఏడింటి వార్తల్లో శిబిరం చూపించారు. "అగో, నేనే!" అని ఆంటీ కేకేసింది. టీవీలో చూస్తే, మంటకు తట్టుకోలేక కొంగు కళ్ల దాకా కప్పుకుని కూర్చుంది; ముఖమే కనబడలేదు.

మీ ఇళ్లలో మందులు ఎక్కడ దాస్తారో కాస్త చెప్పండి. మా వాటాకు రెండో తాళంచెవి ఆంటీ దగ్గరే ఉంది.