తేట నీళ్ల కోసం చేసిన ప్రార్థన

ప్రభువునందు ప్రియ సహోదరులారా, ఈ పత్రికలో సాక్ష్యం రాసేవాళ్లంతా మరణపుటంచు దాకా వెళ్లి వచ్చినవాళ్లు, నేను మాత్రం నెక్కొండలో మా కోళ్ల షెడ్డు దాకా వెళ్లి వచ్చాను, అయినా దేవుడు నన్ను అక్కడే పట్టుకున్నాడు కనుక రాస్తున్నాను.

నాన్న పోయాక అమ్మ తొంభై పెట్టలతో ఇల్లు నెట్టుకొచ్చింది. పోయిన వేసవిలో మాకు చీకటి కాలం వచ్చింది. కిరోసిన్ దీపంతో వెచ్చబెట్టే పెట్టెలో గుడ్లు పొదిగించేవాళ్లం, పిల్లలు బయటికి రావడం, తెల్లగా విరేచనాలు పెట్టుకోవడం, మూడో రోజుకు చావడం. అమ్మ ఉపవాసం పట్టింది. నేనూ పట్టాను, మధ్యాహ్నం దాకా.

హనుమకొండ నుంచి పశువుల డాక్టరు గారు వచ్చి, రోగం తల్లుల ఒంట్లో దాగి గుడ్డులోంచి పిల్లలకు దిగుతోందన్నారు. రోగమున్న పెట్టలను కోసి పాతిపెట్టాలి, లేనివి ఉంచుకోవచ్చు. ఏవి ఏవో తేల్చడానికి ఒక తెల్ల పింగాణీ పలక తీసి, ఒక్కో పెట్ట రెక్క కింద సూదితో గుచ్చి, నెత్తురు చుక్కలో ఊదారంగు మందు చుక్క కలిపారు. రెండు నిమిషాల్లో చూడాలి, రవ్వలు రవ్వలుగా విరిగితే రోగమున్నట్టు.

సహోదరులారా, ఆదివారం పెద్దలు ప్రార్థిస్తుంటే గడియారం చూసే నేను, ఆ రోజు మొదటిసారి మనసారా ప్రార్థించాలని పలక మీద చేతులు చాచి, ఆదాము దగ్గర మొదలుపెట్టి, నోవహు ఓడలోని పక్షులను కూడా జ్ఞాపకం చేసి, ఎంతకీ ఆపలేకపోయాను. ప్రార్థన ఆపడం మర్యాద కాదని డాక్టరు గారు ఊరుకున్నారు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి రేకుల వేడికి చుక్కలన్నీ ఎండి రవ్వలు కట్టాయి.

"తమ్మీ, ఇది కోళ్ల రోగమా, నీ ప్రార్థననా, నాకెట్ల తెలుస్తది?" అన్నారాయన. "ఈ ఎండల పలకను నమ్మలేం. నెత్తురు తీస్కపోయి ల్యాబుల గాజు గొట్టాలల్ల చూస్త. రేపు ఇదే యాళ్లకు రా."

"గా గొట్టాలన్న మంచిగ చెప్తయా సారూ?" అని అమ్మ అడిగింది.

"చెప్తయమ్మా. జర ఆలస్యమైతది గంతే."

ఆ ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో పొయ్యి వెలగలేదు. తొంభై పోతే మాకు మిగిలేది ఖాళీ షెడ్డే. "ప్రభువా, ఆ గొట్టాలన్నిటిలో నీళ్లు తేటగా ఉండును గాక, ఒక్కదానిలోనూ మురికి కనబడకుండును గాక" అని నేను, ఆమెన్ అని అమ్మ. ఈసారి నా ఉపవాసం కూడా నిజమైనదే.

మరునాడు ల్యాబుకు వెళ్లి చూస్తే ఐదు గొట్టాలు తేటగా ఉన్నాయి, మిగతావన్నీ బియ్యం కడిగిన నీళ్లలా మసక. అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాను.

"ఐదన్న బతికినయ్ సార్" అన్నాను.

"ఐదే పోయినయ్ తమ్మీ. రోగముంటే గొట్టంల కలిపిన మందు ముద్దగట్టి అడుక్కు దిగి, మీది నీళ్లు తేటగైతయి. మసకగుంటే మంచిదన్నట్టు. ఎందుకట్ల చూస్తున్నవ్?"

నేనేం ప్రార్థించానో చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడిచి, "అయితే ఆ ఐదింటికి నీ ప్రార్థన బాగ తాకినట్టుంది" అన్నారు.

సహోదరులారా, తొంభై కోళ్లనూ చంపమని ఒక పగలూ రాత్రీ ఉపవాసముండి దేవుణ్ణి బతిమాలినవాణ్ణి నేను, ఆయన నా మాట విననట్టే ఊరుకున్నాడు.

ఆ ఐదింటినీ పాతిపెట్టాం. వాటిలో అమ్మ కొంగు పట్టుకు తిరిగే నల్లది ఉంది, అమ్మ ఏడ్చింది, నాకు హాస్యమేదీ తోచలేదు. తర్వాత పొదిగిన పిల్లలకు మూడో రోజు వచ్చింది, అమ్మా నేనూ రాత్రంతా పెట్టె పక్కనే కూర్చున్నాం. నాలుగో రోజు పొద్దున అవి నూకల కోసం ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

అడిగింది ఇవ్వలేదని దేవుని మీద అలిగినవాళ్లు మీలో ఉంటే, ఏమడిగారో ఒకసారి గుర్తు చేసుకోండి. నేనైతే ఇప్పుడు షెడ్డు తలుపు తీసి, ఇవీ నా కోళ్లు, నీకు తెలిసినట్టు చెయ్యి తండ్రీ అని, ఆమెన్ త్వరగా చెబుతున్నాను. మీరూ ఆయనకు అప్పగించి చూడండి. దేవునికే మహిమ.