తిరిగొచ్చిన జంపఖానాలు

2023 ఎండాకాలం. హన్మకొండలో కోర్టుకు ఎదురు సందులో, ఒక జిరాక్స్ షాపు పైన నా ఆఫీసు. కింద మిషన్ల వేడి, పైన రేకుల వేడి. మధ్యలో నేను, నా ఫైళ్లు, గాలి తక్కువ చప్పుడు ఎక్కువ చేసే ఒక ఫ్యాను. వకీలునని చెప్పగానే జనం భూముల తగాదాల గురించో, విడాకుల గురించో అడుగుతారు. సరుకు అమ్మకాల కేసులు కూడా చూస్తానంటే మాత్రం మొహం తిప్పేసుకుంటారు. "అమ్మిండు, కొన్నడు, లొల్లి అయింది. అండ్ల ఏముంటది మేడం?" అంటారు. ఏముంటుందో ఈ ఒక్క కేసు చెబితే చాలు.

ఆ రోజు మధ్యాహ్నం కొత్తవాడ నుంచి సాంబయ్య, ఆయన భార్య రాజమ్మ వచ్చారు. తరాలుగా జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. సాంబయ్య కుర్చీలో కూర్చోకుండానే చంకలోని సంచిలోంచి ఒక గుడ్డ తీసి నా టేబుల్ మీద పరిచాడు. ఎరుపు అంచు, తెల్ల నేల, నల్ల చారలు. సగానికి కోసిన జంపఖానా ముక్క అది.

"ఇది మా సగం. ఇంకో సగం కొన్నాయన తాన ఉన్నది," అన్నాడు.

పెద్ద ఆర్డరు ఒప్పుకుంటే ముందుగా ఒక శాంపిల్ నేసి, ఇద్దరూ చూసి సరేనన్నాక దాన్ని నడిమికి కోసి చెరో సగం ఉంచుకోవడం సాంబయ్య ఇంటి పద్ధతి. రేపు ఎవరైనా మాట మారిస్తే రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మా చట్టంలో దీన్ని 'సేల్ బై శాంపిల్' అంటాం. అంటే మచ్చు చూపించి అమ్మడం. మచ్చు ఎట్లా ఉందో మొత్తం సరుకు అట్లాగే ఉండాలి, అది అమ్మినవాడి బాధ్యత. రెండూ పోల్చి చూసుకునే అవకాశం కొన్నవాడి హక్కు. పద్ధతి సాంబయ్య తాతలది, చట్టం తెల్లదొరల కాలంది. చెప్పే మాట మాత్రం ఒక్కటే.

కొన్నాయన పేరు సుధాకర్. టెంట్ హౌస్ నడుపుతాడు. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు, కింద పరిచే జంపఖానాలు కిరాయికి ఇస్తాడు. పెళ్లిళ్ల సీజన్ మొదట్లో సరుకంతా తీసుకుపోయాడు. సీజన్ అయిపోగానే కట్టలన్నీ ట్రాలీ ఆటోలో వేసి వెనక్కి పంపాడు. మాల్ శాంపిల్ లాగా లేదట, ఒక్క పైసా ఇవ్వడట. అంతటితో ఆగితే సాంబయ్య నా మెట్లు ఎక్కేవాడు కాదేమో. ఏడాది పొడుగునా వీళ్ల దగ్గర జంపఖానాలు కొనే హోల్‌సేల్ సేటు ఒకాయన బజార్లో ఉన్నాడు. సుధాకర్ ఆయన దుకాణంలో కూర్చుని, సాంబయ్య మాల్ ఖరాబైందని చెప్పాడు. సేటు ఆర్డర్లు ఆపేశాడు.

"పైసలు రాకుంటె రాకపాయె వకీలమ్మా. నా మాల్ ఖరాబన్నడు. గా మాట వాపసు తీసుకోవాలె," అన్నాడు సాంబయ్య.

రాజమ్మ అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఇక ఆగలేదు. "మడికొండ కాడ ఏదో కంపెనీల వాచ్‌మన్ నౌకరి ఉన్నదట. మగ్గం ఇప్పేసి పోతనంటాండు. చిన్నప్పటి సంది ఆడిచ్చిన చేతులు, ఇగ గేటు తీసుకుంట సలాములు కొట్టాల్నా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంట్లోనూ అదే మాట, కోర్టులోనూ అదే మాట. ఆ రోజే నోటీసు రాసి పంపాను.

జవాబు వచ్చింది. 'పైపైన రెండు మూడు చూశాం, నచ్చలేదు. కట్టలు విప్పకుండానే, ఎట్లా వచ్చాయో అట్లాగే తిప్పి పంపాం' అని అవతలి వకీలు రాశాడు. చదివి నవ్వొచ్చింది. పెళ్లిళ్ల సీజన్ అంతా టెంట్ హౌస్ ఆయన కొత్త జంపఖానాలను కట్ట విప్పకుండా గోడౌన్లో దాచి పెట్టాడంటే ఎవరు నమ్ముతారు? కానీ నమ్మకపోవడం సాక్ష్యం కాదు కదా. కొన్నవాడు సరుకు చూసుకోవాలి, వద్దనుకుంటే సకాలంలో చెప్పాలి. తన సొంతం అన్నట్టు వాడుకున్నాడంటే మాత్రం తీసుకున్నట్టే లెక్క. దీన్ని 'యాక్సెప్టెన్స్' అంటారు. ఆ తర్వాత మొత్తం తెచ్చి నెత్తిన పడేస్తానంటే చెల్లదు. సుధాకర్ వాడుకున్నాడని మేం చూపించగలిగితే కేసు మాదే.

సరుకు కళ్లారా చూద్దామని ఆటో ఎక్కి కొత్తవాడ పోయాను. సందు మలుపు తిరగగానే ఆగిపోయాను. ఆ చివర నుంచి ఈ చివర దాకా తాళ్లు కట్టి, తాళ్ల నిండా తడి జంపఖానాలు ఆరేసి ఉన్నాయి. రాజమ్మ బండ మీద ఒకదాన్ని పరిచి సబ్బు రాసి బ్రష్‌తో తోముతోంది. కాలువలో నీళ్లు పసుపుపచ్చగా పోతున్నాయి.

"వదినా! ఆపు! ఏం చేస్తున్నవ్?" అని అరిచాను.

"కడుగుతాన్న వకీలమ్మా. మరకలు వడి ఒచ్చినయి. ఇంట్ల మురికి జంపఖానా ఉంటె మాకు బువ్వ సయిస్తదా?"

"ఏం మరకలు?"

"ఏముంటయి, పసుపు, కూర, పాన్. పెండ్లిండ్లల్ల వడేటియే."

ఓరి దేవుడా! అక్కడే అరుగు మీద కూలబడ్డాను. "అవి మరకలు కావు వదినా, మన సాక్ష్యం! సబ్బు పెట్టి మరీ కాలువలో కలిపినవు గదనే!"

రాజమ్మ బ్రష్ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "గా ముచ్చట ముందుగాల చెప్పాలె గద!"

సాక్ష్యం దాచేవాళ్లను చూశాను, చింపేవాళ్లను చూశాను, అవతలివాళ్ల మీదికి నెట్టేవాళ్లను చూశాను. తాము నేసిన గుడ్డ మురికిగా ఉంటే చూడలేక, తమ కేసును తామే ఉతికి ఆరేసుకున్నవాళ్లను అదే మొదటిసారి చూడటం. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"అన్నీ అయిపోయినయా?" అని అడిగాను, ఆశ లేకుండానే.

"ఒక్క కట్ట ఉన్నది. నల్ల బంద్ అయింది, లేకుంటె గది గూడ అయిపోతుండె," అన్నాడు సాంబయ్య.

నీళ్లు ఆపేసిన మున్సిపాలిటీకి మనసులోనే దండం పెట్టుకున్నాను. మగ్గం పక్కన మూలకు ఉంది ఆ కట్ట. నీలం ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంది. ముడి మీద టెంట్ హౌస్ వాళ్ల సొంత స్టిక్కర్, దాని మీద వాళ్ల గోడౌన్ మనిషి సంతకం. స్టిక్కర్ చిరగలేదు, తాడు కదల్లేదు.

"దీన్ని ఎవరన్నా ముట్టుకుంటే నేను మీ కేసు ముట్టను," అన్నాను. రాజమ్మ లోపలికి పోయి పాత చీర తెచ్చి కట్ట మీద కప్పింది.

దావా వేశాను. దాంతోపాటే అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని పిటిషన్ పెట్టాను. అంటే జడ్జి గారు తాను రాలేని చోటికి ఒక వకీలును పంపి, ఉన్నది ఉన్నట్టు చూసి రాయించుకోవడం. కోర్టు ఒప్పుకుంది. తేదీ వచ్చేలోగా రాజమ్మ ఫోన్లకు అంతు లేదు. "వకీలమ్మా, ఎప్పుడొస్తరు? గా కట్టకెల్లి వాసనొస్తాంది. జర ఎండకన్న పెట్టుకోనియ్యి."

"ఎండకు వద్దు, గాలికి వద్దు. ముక్కు మూసుకో వదినా."

కమిషనర్ వచ్చిన రోజు సందంతా పోగైంది. సుధాకర్ తన వకీలుతో వచ్చాడు. కమిషనర్ స్టిక్కర్ చూపించి ఇది ఎవరిదని అడిగాడు.

"మాదే సార్. చెప్పిన గద, మేం ఇప్పనే లేదు. ఎట్లొచ్చిందో అట్లనే పంపినం," అన్నాడు సుధాకర్ దర్జాగా.

కమిషనర్ ఆ మాట రాసుకుని, సంతకం పెట్టించుకుని, తాడు కోయించాడు. మొదటి జంపఖానా మడత విప్పి దులపగానే బండ మీద జలజలా రాలాయి పసుపు బియ్యం. తలంబ్రాలు! ఇంకో మడతలో ఎండిపోయిన మల్లెపూల దండ. మూడో దాంట్లో ఐస్‌క్రీం పుల్ల, దాని చుట్టూ అట్టగట్టిన మరక. సందంతా ఘొల్లుమంది.

"ఓ సుధాకరన్నా, ఎవ్వల పెండ్లి అయింది కట్టల? మమ్ముల పిలువకపోతివి!" అని ఎదురింటి ఆవిడ మెట్ల మీద నుంచి అడిగింది. కమిషనర్ కూడా పెన్ను పట్టుకునే నవ్వుకున్నాడు. నాకైతే ఈల వేయాలనిపించింది, నల్లకోటు అడ్డమొచ్చింది.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. కట్ట అడుగు నుంచి తీసిన జంపఖానాలో ఎరుపు అంచు రంగు తెల్ల నేలలోకి దిగి ఉంది. సుధాకర్ ఎగిరి గంతేశాడు. "సూడున్రి సార్! నేను చెప్పలే? రంగు దిగింది!"

నీళ్లు ఒలికాయనో, పప్పుచారు ఒలికిందనో అడ్డం పడబోయాను. అప్పటికే సాంబయ్య కూర్చుని, బొటనవేలు తడిచేసి అంచు మీద రుద్ది చూశాడు. వేలు ఎర్రబడింది.

"ఇది నా తప్పే. ఎరుపు అద్దకం సరిగ వట్టలే," అన్నాడు.

"అన్నా, నువ్వు ఊకో," అన్నాను పళ్లు బిగించి.

"ఎట్ల ఊకుంట వకీలమ్మా? కడిగినవాట్లల్ల గూడ గిసోంటియి కొన్ని ఎల్లినయి. పక్కకు వెట్టిన. మిగతయి తీసి శాంపిల్ పక్కకు వెట్టి చూసుకోమనున్రి." కమిషనర్ అదీ రాసుకున్నాడు. కడిగి పక్కన పెట్టినవీ చూశాడు, బాగున్నవాటిని సగం ముక్క పక్కన పెట్టీ చూశాడు. అవి తేడా లేకుండా ఉన్నాయి.

అందరూ వెళ్లిపోయాక సాంబయ్యను దులిపేశాను. నిజాయితీగా ఉండు, కానీ నన్ను అడిగి ఉండు అన్నాను. కోపం దిగాక ఆలోచిస్తే మేం పోగొట్టుకున్నది తక్కువే. మచ్చు చూపించి అమ్మినా, మచ్చులో బయటపడని లోపం సరుకులో ఉంటే అమ్మినవాడే దానికి జవాబుదారు. వాడుకున్నాక కూడా ఆ లోపానికి తగిన పరిహారం కొన్నవాడు అడగొచ్చు. అంతేగానీ, మంచివాటిని కూడా తిప్పికొట్టలేడు.

రిపోర్టు కోర్టుకు చేరాక సుధాకర్ మెత్తబడ్డాడు. జడ్జి గారు మమ్మల్ని మీడియేషన్‌కు పంపారు. అంటే తీర్పు దాకా పోకుండా మధ్యవర్తి ముందు మాట్లాడుకోవడం. రంగు దిగినవి సాంబయ్యే ఉంచుకోవాలి, మిగతావి సుధాకర్ పూర్తి ధర ఇచ్చి తీసుకుపోవాలి. అందరూ ఒప్పుకున్నారు. కాగితం తయారైంది. సుధాకర్ సంతకం పెట్టాడు. సాంబయ్య పెన్ను పట్టుకుని ఆగిపోయాడు.

"సేటుకు ఫోన్ చెయ్యమనున్రి," అన్నాడు.

మధ్యవర్తి తల అడ్డంగా ఊపాడు. "అది మీ దావాలో లేదు కదండీ. మీరు అడిగింది సరుకు ధర, అది వస్తోంది."

ఆయన చెప్పిందీ నిజమే. సరుకుల చట్టం ధర ఇప్పిస్తుంది, నష్టం ఇప్పిస్తుంది. ఒకరి నోటి నుంచి ఒక మాట ఇప్పించమంటే అందులో సెక్షన్ లేదు. ఇంకో క్లయింటైతే వచ్చింది తీసుకుని పోదాం పద అనేదాన్నే. కానీ గోడ దగ్గర నిలబడ్డ రాజమ్మను చూశాను. మడికొండ కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ కళ్ల ముందు మెదిలింది. ఈ కాగితం మీద సంతకం పెడితే పాత లెక్క తీరుతుంది గానీ మగ్గం మళ్లీ ఆడదు. సాంబయ్య చేతిలోంచి పెన్ను తీసుకుని క్యాప్ పెట్టేశాను.

"నా క్లయింట్ సంతకం పెట్టడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే రాజీ. లేకుంటే విచారణకు పోదాం. తలంబ్రాల రిపోర్టు ఓపెన్ కోర్టులో గట్టిగా చదువుతాను. నాకేం తొందర లేదు," అన్నాను.

సుధాకర్ తన వకీలు వైపు చూశాడు. ఆయన కిటికీ వైపు చూశాడు. కాసేపటికి సుధాకర్ జేబులోంచి ఫోను తీశాడు. స్పీకర్ పెట్టమన్నాను, పెట్టాడు.

"సేటూ, నేను సుధాకర్‌ను. గా సాంబయ్య మాల్ ముచ్చట... మాల్ మంచిదే. మేం పెండ్లిండ్లకు వాడుకున్నం. కొన్ని జర రంగు దిగినయి. మిగతదంత శాంపిల్ లెక్కనే ఉన్నది. నేనే ఊకె ఖరాబని అన్న."

అవతల నుంచి సేటు అడిగాడు. "రంగు దిగిన ముచ్చట సాంబయ్య ఏమంటాండు?"

"ఆయనే ఒప్పుకున్నడు. కమిషనర్ ముంగటనే చెప్పిండు."

"అట్లనా? ఆయనకియ్యి ఫోను." సాంబయ్య రెండు చేతులతో ఫోను పట్టుకున్నాడు. "సాంబయ్యా, ఎరుపు మంచిగ అద్దిచ్చి కొత్త శాంపిల్ పట్టుకరా. నీళ్లల్ల నానవెట్టి చూస్త, ఏమనుకోకు."

"నానవెట్టు సేటూ. నీ ముంగట నేనే నానవెడ్త."

ఫోను తిరిగిచ్చి, పెన్ను అడిగి తీసుకుని, అక్షరం అక్షరం పేర్చుకుంటూ సంతకం పెట్టాడు. రాజమ్మ గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంది. నా కళ్లూ తడిశాయి, దాచుకోవాల్సిన పనేముంది?

కొన్నవాడు ఏం చూసుకోవాలో, అమ్మినవాడు దేనికి జవాబు చెప్పాలో నేను కాలేజీలో చదువుకున్నదే. పోగొట్టుకున్నవాడు దేన్ని పోగొట్టుకున్నాడో ముందు అతన్నే అడగాలని, అది తిరిగొచ్చేదాకా ఫైలు కట్టేయకూడదని మాత్రం సాంబయ్య దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు సరుకు కేసుతో ఎవరొచ్చినా ధర ఎంతని తర్వాత అడుగుతాను.

ఆ రోజు కోర్టు గేటు దగ్గర ఆటో ఎక్కబోతూ రాజమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. మళ్లీ ఏం మిగిలిపోయిందోనని కంగారు పడ్డాను. నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"వకీలమ్మా, గా కట్ట ఇగ కడుక్కోవచ్చునా?"

"కడుక్కో వదినా," అన్నాను.